పిల్లల గదిలో పాము

ఆ రోజుల్లో నాకు కలలో పాములు వచ్చేవి. భయపెట్టే పాములు కావు. పిట్టగోడ మీదుగా తీరిగ్గా పోయేవి. దండెం మీద మా ఆయన చొక్కాల పక్కన తామూ వేలాడుతూ ఎండ కాగేవి. ఒకసారైతే ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒక పొడుగాటి పాము ఎవరినీ లెక్కచేయకుండా పైకెక్కుతోంది, ఆఫీసులకు పోయే జనం అంతా పక్కకు జరిగి దానికి దారిస్తున్నారు. లేచి పళ్లు తోముకుంటున్నా ఆ నడక కళ్ల ముందే ఉండేది. నాకు ఆ కలలంటే ఇష్టం. నేను చేసిన తెలివితక్కువ పనల్లా వాటి సంగతి అత్తమ్మకు చెప్పడం.

"మంచి కల బిడ్డా! పాము కలలకొస్తే కడుపు పండుతది," అంది అత్తమ్మ ఫోన్లో. ఆమె గొంతులో అంత వెలుగు నేనెప్పుడూ వినలేదు.

మాకు పెళ్లయి చాలా ఏళ్లే అయింది. పిల్లలు లేరు. డాక్టర్లు ఇద్దరినీ పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు, దాంతో తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరక్కుండా పోయారు. అత్తమ్మ మేడిపల్లిలో మా బావగారింట్లో ఉంటుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ చేస్తుంది. అన్నీ అడిగాక చివరికి గొంతు తగ్గించి "ఏమన్న ఉన్నదా?" అంటుంది. నేను లేదంటాను. నా పాముల సంగతి తెలిశాక దానికి ఇంకో ప్రశ్న తోడైంది: "ఈ వారం పాము గిట్ల అచ్చిందా కలల?" అలా నా కలలు కూడా నావి కాకుండా పోయాయి. పాము రావడమే ఆలస్యం, దాని వెనకాల ఒక బిడ్డ వస్తున్నాడేమోనని నేనే తొంగి చూడటం మొదలుపెట్టాను. ఎంత ఒళ్లు మండేదో చెప్పలేను.

మా ఆయన నాచారం కారఖానాలో మందుల సీసాలకు మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసే పని చేస్తాడు. రోజంతా మూతలు చూసి చూసి, ఇంటికొచ్చాక దేన్నీ సీరియస్‌గా చూడలేడు. ఒక ఆదివారం నేను ఫోన్ పెట్టేసి మంచం మీద బోర్లా పడుకుంటే, పక్కన కూర్చుని అన్నాడు: "కలల పాములు ఊకె వచ్చి పోతున్నయ్. అసలుది ఒకటి తెచ్చుకుందామా?"

నన్ను నవ్వించడానికే అన్నాడు. నేను లేచి కూర్చున్నాను. ఏదీ మోసుకురాని పాము, ఏ వరమూ ఇవ్వని పాము, ఉత్త పాము ఒకటి ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. "తెచ్చుకుందాం," అన్నాను. అతని మొహం చూడాలి అప్పుడు.

మన నేల మీది పామును ఇంట్లో పెట్టుకోవడం నేరం. బయటి దేశాల జాతి అయితే, బోనులో పుట్టినదైతే, అటవీ శాఖ దగ్గర నమోదు చేయించి పెంచుకోవచ్చు. అదంతా మా ఆయనే కనుక్కున్నాడు. చెంగిచెర్లలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన అలాంటి పాములను పెంచి అమ్ముతారని తెలిసి, ఒక శనివారం బండి మీద పోయాం. కొత్త కాలనీ, సగం ప్లాట్లలో ఇంకా సర్కారు తుమ్మలే ఉన్నాయి. ఆయన మేడ మీద గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా ప్లాస్టిక్ పెట్టెలు. లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా, తడి కొబ్బరి పీచు వాసనతో ఉంది. గదిలో ఇన్ని ప్రాణాలు ఉన్నాయి, ఒక్కటీ చప్పుడు చేయడం లేదు. నాకు అక్కడే నేల మీద పడుకుని నిద్రపోవాలనిపించింది.

ముందు ఒక కార్న్ స్నేక్‌ను చూపించారు. నారింజ రంగులో మెరిసిపోతూ, ఆయన వేళ్ల మధ్య నుంచి మా ఆయన మణికట్టు మీదికి, అక్కడి నుంచి చొక్కా జేబులోకి పోయింది. మా ఆయన ఊపిరి బిగబట్టి "మస్తున్నది" అన్నాడు. అతనికి అదే నచ్చింది. పెళ్లికి తీసుకెళ్తే పదిమందిలో పేరు తెస్తుందన్నట్టుగా ఉంది దాని వరస.

తర్వాత ఇంకో పెట్టె తెరిచారు. ముదురు గోధుమరంగు మీద తేనె మచ్చలున్న పాము. బాల్ పైథాన్, కొండచిలువల్లో చిన్న జాతి అన్నారు. మేము వంగి చూడగానే అది చుట్టలు చుట్టుకుని, మధ్యలో తల దాచేసుకుంది. మా చుట్టాల పెళ్లిళ్లలో పెద్దావిడలు నా వైపు వస్తుంటే నేను కూడా అలాగే చేయాలనుకుంటాను, చీరలో అది కుదరదు.

"ఇది," అన్నాను.

"జర మొఖమన్న సూపించలే అది," అన్నాడు మా ఆయన.

"అందుకే."

పెద్దాయన విశాఖపట్నం వైపు మనిషి. పెట్టె నా చేతికిస్తూ చెప్పారు: "కొత్త చోటికి వెళ్తే వారాల తరబడి తిండి ముట్టదమ్మా ఈ జాతి. కంగారు పడకండి. మాటిమాటికీ మూత తీసి చూడకండి. దాని మానాన దాన్ని ఉండనివ్వండి."

అలాగే అన్నాం.

మా అద్దె ఇల్లు చిల్కానగర్‌లో, రెండు పడక గదులది. చిన్న గదికి లేత ఆకుపచ్చ రంగు. ఇల్లు చూపించిన రోజునే ఓనరమ్మ దాన్ని పిల్లల గది అంది, చూడ్డానికి వచ్చినవాళ్లంతా అలాగే అన్నారు, చివరికి మేమిద్దరం కూడా అదే పేరుతో పిలిచేవాళ్లం. అందులో ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఒకరికొకరం చెప్పుకోలేదు. పాము కోసం చేయించిన గాజు ఇల్లు వచ్చిన రోజు, ఇద్దరం దాన్ని చెరో పక్క పట్టుకుని హాల్లో నిలబడ్డాం. ఎక్కడ పెడదామని అతను అడగలేదు. నేను ఆకుపచ్చ గదివైపు నడిచాను, అతను వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు.

ఇంటిని అమర్చడంలో ఎంత సుఖముందో నాకప్పుడే తెలిసింది. నేల మీద కొబ్బరి పొట్టు పరిచాం. ఒక కొసన అడుగున వెచ్చని పట్టీ, అది మితిమీరి వేడెక్కకుండా ఆపే మీట. రెండో కొస చల్లగా ఉండాలి, పాము తనకేది కావాలో తనే చూసుకుంటుంది. దాక్కోవడానికి ఉప్పల్ రోడ్డు పక్కన కుండలమ్మే చోట మూతి పగిలిన కుండలు రెండు తెచ్చి బోర్లించాం, వేడి వైపొకటి, చల్లని వైపొకటి. బరువైన నీళ్ల గిన్నె. మూతకు రెండు గొళ్లేలు. గొళ్లేలను మా ఆయన లాగి లాగి చూశాడు, మూతల మనిషి కదా.

ఇక ఆ తర్వాతి మధ్యాహ్నాలు నాకు వరుసగా గుర్తులేవు, అన్నీ కలిసి ఒకే మధ్యాహ్నంలా ఉన్నాయి. హబ్సిగూడలో నేను పనిచేసే ల్యాబ్ నుంచి మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, ఆ గదిలో చాప మీద కూర్చునేదాన్ని. కిటికీ తెర సగం వేసి ఉండేది. ఎక్కడో చర్లపల్లి వైపు రైలు కూత. పాము కుండలోంచి మూరెడు బయటికి వచ్చి, అలా వచ్చిన సంగతి మర్చిపోయినట్టు ఆగిపోయేది. దాని పొట్ట నెమ్మదిగా ఉబ్బి, దిగేది. కాసేపటికి నా ఊపిరి కూడా అదే తీరుకు వచ్చేది. ఇంతకుముందు నిద్రలో దొరికింది ఇప్పుడు మెలకువలోనే దొరుకుతోంది. కలల్లో పాములు రావడం మానేశాయి. నేను సంతోషంగా ఉన్నాను, ఆ మాట దాచాల్సిన పనేముంది.

ఒక్కటే ఇబ్బంది. అది తినడం లేదు. చచ్చిన చిట్టెలుకలను గడ్డకట్టించి అమ్ముతారు, వాటికోసం వేరే చిన్న ఫ్రిజ్ కొన్నాం. ఒకదాన్ని గోరువెచ్చని నీళ్లలో మెత్తబరిచి, పొడవాటి పట్టుకారుతో ముందు పెడితే పాము తల తిప్పుకునేది. మరుసటి వారం కూడా అంతే. ఆ పై వారమూ అంతే. మా ఆయన కారఖానా నుంచి మధ్యాహ్నం ఫోన్ చేసి "తిన్నదా?" అనేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే "తిన్నదా?" అనేవాడు. మూత తీసి చూసేవాడు. కుండ ఎత్తి చూసేవాడు. నేనూ తక్కువ తినలేదు, అతను చూసి వెళ్లాక నేను వెళ్లి చూసేదాన్ని.

శ్రావణంలో నాగుల పంచమికి అత్తమ్మ మా ఇంటికి వచ్చింది. మేడిపల్లి రోడ్డు మీది దుమ్మంతా కొంగుతో దులుపుకుంటూ లోపలికి వచ్చి, ఆకుపచ్చ గది గుమ్మంలో ఆగిపోయింది. పాము సంగతి ఆమెకు ముందే తెలుసు. ఎక్కడ పెట్టామో తెలియదు. గాజు ఇంటిని చూసింది, గోడల రంగు చూసింది, సంచి పక్కన పెట్టి కాళ్లు కడుక్కోవడానికి పోయింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పండుగ పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గాజు మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. గొళ్లేలు తీసి ఉన్నాయి. నీళ్ల గిన్నెలో నీళ్లకు బదులు పాలు. అత్తమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించి నిలబడి ఉంది. పిల్లలు కలగకుండా చేసే సర్పదోషం పోవడానికే మేము నాగన్నను తెచ్చి పూజించుకుంటున్నామనీ, బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇదంతా సరదా అంటున్నామనీ ఆమె అనుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏం అడుగుతోందో నాకు వినబడాల్సిన అవసరం లేదు.

గిన్నె తీసి పాలు సింకులో పారబోశాను.

"పాలు దానికి పడయ్, అత్తమ్మా. అది దేవుడు కాదు. దోషం కోసం తెచ్చుకున్నది కాదు. నాకు బిడ్డనియ్యమని దాన్ని అడగకు. ఈ ఇంట్ల దాన్నన్న ఏం అడగకుండ్రి."

అత్తమ్మ కళ్లు తెరిచింది. పండుగపూట పాలు పారబోసినందుకు ఏమంటుందోనని నేను నిలబడ్డాను. ఆమె చాప మీద మెల్లగా కూర్చుంది, అంతే. భోజనాల దాకా అక్కడే కూర్చుంది. నేను గిన్నెలో మళ్లీ నీళ్లు పోసి పెడుతుంటే చూస్తూ ఉంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దాను, కావాలనే చప్పుడు చేస్తూ.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. గుమ్మంలోంచే "తిన్నదా?" అన్నాడు. గదిలోకి వచ్చి, తల్లికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, మూత మీద చెయ్యి వేసి, "ఇయ్యాల గూడ తినలేదా? ఎందుకు తింటలేదే ఇది?" అన్నాడు.

"ఊకె గట్ల అడుగుతే అదెట్ల తింటదిరా?" అంది అత్తమ్మ. పొద్దున్నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "అచ్చినోడల్లా తిన్నదా, తిన్నదా అంటే దానికి మనసుండదా? భయమైతది. దానికి ఎప్పుడు కావాలంటే అప్పుడు తింటది. లేకుంటె లే. జర ఇడిసిపెట్టుండ్రి దాన్ని."

అని, ఆగిపోయింది. నేను గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. చూసి వెంటనే కొంగు సర్దుకుంటూ తల దించుకుంది. మా ఆయనకేమీ అర్థం కాలేదు, మూత మీది చెయ్యి మాత్రం తీసేశాడు. నేను టీ ఇచ్చాను. ముగ్గురం ఆ గదిలోనే తాగాం. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో దీపాలు వేసినట్టున్నారు, కిటికీ తెర అంచు తెల్లగా వెలిగింది. ఎవరమూ పాము వైపు చూడలేదు.

మరునాడు ఆమె వెళ్లిపోయింది. వెళ్లేముందు తన పాత నేత చీర ఒకటి మడిచి గాజు మీద కప్పింది. మేము దాన్ని తీయలేదు. ఆ వారం చిట్టెలుకను లోపల పెట్టి, తలుపు దగ్గరేసి, ఇద్దరం తార్నాక దాకా ఊరికే తిరిగి వచ్చాం. వచ్చి చూస్తే ఎలుక లేదు. పాము కుండలో ఎప్పటిలాగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అత్తమ్మ బోరులో నీళ్ల గురించి చెప్పింది. మోకాలి నొప్పి గురించి చెప్పింది. వాళ్ల గల్లీలో కొత్తగా తెరిచిన కిరాణా దుకాణంలో పప్పు బాగాలేదంది. తర్వాత మాటలు అయిపోయాయి. ప్రతి వారం ఆమె గొంతు తగ్గించే చోటికి వచ్చాం. నేను ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని, ఎప్పటి జవాబే నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అటువైపు ఆమె ఊపిరి వినిపిస్తోంది. చాలాసేపు వినిపించింది.

"సరే బిడ్డా," అంది. "ఉంట మరి."

ఫోన్ పెట్టేసింది.

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "అమ్మ ఏమడిగింది?" అన్నాడు.

"ఏం అడగలే," అన్నాను. ఆ రెండు మాటలూ అనేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు.