రేకుల ఓడకి ఒక రాయి

నౌకాదళంలో ముప్పై ఏళ్ళు అధికారిగా చేసి, రిటైరై కళింగపట్నం వచ్చాను. భుజాల మీద చారలున్నంత కాలం నాకు సెల్యూట్ కొట్టనివాడు లేడు, మా మేనమామ తప్ప. చేపల పడవ నడిపే ఆయన దృష్టిలో నేను ఒడ్డున కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్నవాణ్ణి. అందులో అబద్ధమూ లేదు. ఓడ కదిలితే నాకు వాంతులు. అందుకే నా ఉద్యోగమంతా మరమ్మతుకొచ్చిన ఓడల అడుగురేకులు తట్టి చూడటంతోనే గడిచిపోయింది.

పడవ నడిపేవాణ్ణి మా పేటలో సరంగు అంటారు. మావ నోట ఒక్కసారి ఆ మాట అనిపించుకోవాలని నా కోరిక. “పడవెక్కితే కక్కేవోడు సరంగేటిరా అల్లుడా?” అని ఆయన నలుగురిలో నవ్వేవాడు.

ఉక్రోషం కొద్దీ ఒక నమూనా ఓడ కట్టాను. ఆవిరి ఓడలు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫిరంగి గుళ్ళకి తట్టుకోవాలని చెక్క ఓడలకి ఇనప పలకలు తొడిగారు. అలాంటి తొలి కవచ యుద్ధనౌక అది. రెండు మూరల పొడవు, లోపల టేకు, పైన నూనె డబ్బాల రేకు. ఏడాది పట్టింది. మా ఆవిడ నూనె డబ్బాలు బీరువాలో దాచుకునే పరిస్థితి వచ్చింది.

మా పేటలో పూజ లేకుండా కొత్త పడవ నీళ్ళలో దిగదు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నా ఓడకి పసుపు రాశారు. చుట్టాలు ఇంటికో బంతిపూల దండ తెచ్చి ముక్కుకి వేయడం ఆనవాయితీ. ఓడ చిన్నదైతేనేం, దండలు తగ్గలేదు.

మావ ఓడని ఎత్తి చూశాడు. “ముందు బరువైపోనాది. ఎనకాల ఓ రాయెట్టు.”

“లెక్క కట్టే చేశాను మావా. యుద్ధనౌకలో రాళ్ళేంటి?”

“నీ లెక్కలో ఈ దండలున్నాయేటి?”

లేవు. ఒప్పుకుంటే ముప్పై ఏళ్ళ పరువేం కావాలి? అలాగే నీళ్ళలోకి వదిలేశాను. ఓడ కాస్త దూరం దర్జాగా వెళ్ళి, ముక్కు వంచి, ఫిరంగి కన్నాల్లోంచి నీళ్ళు తాగి మునిగిపోయింది. పేటంతా కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మావ మాత్రం నవ్వలేదు. నడుంలోతు నీళ్ళలో దిగి, కాలితో వెతికి ఓడని పైకి తీశాడు. దండలు పక్కకి నెట్టి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని అడుగువైపు చాలాసేపు చూశాడు.

“నిండా నీరున్నాది. అడుగునించి సుక్క కారనేదు. ఈ అతుకులు నువ్వే ఏసినావేటి?”

తలూపాను. ఆయన నీళ్ళు వంపేసి, వెనకవైపు మూత తీసి గుప్పెడంత రాయి పెట్టి వదిలాడు. దండలతోనే ఓడ సమంగా తేలింది.

“నా పడవ అడుగు కారతన్నాది,” అన్నాడు, నా మొహం చూడకుండా. “పొద్దున్నొచ్చి సూడు, సరంగూ.”

నేను ఒక్కటే అడిగాను. “పడవ ఒడ్డునే ఉంటుంది కదా మావా?”