కొండ మీది మెయిల్ పెట్టె

బిష్కెక్‌లోని మంచుకొండల పరిశోధన సంస్థలో సాగిన్ ఈమెయిళ్ల బాధ్యుడు. మనిషి మంచివాడే, సర్దే పిచ్చి మాత్రం ఎక్కువ. పాత సర్వరు తీసేయమని పైనుంచి మాట రాగానే అందరి మెయిళ్లూ విడదీసి మనిషికొక ఫైలుగా కట్టాడు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే ఏ కంప్యూటర్లోనైనా తేదీల వరసన తెరుచుకుంటుంది. రిటైరైనవాళ్లు సైతం వచ్చి తమ పెట్టె తాము పట్టుకుపోతుంటే సాగిన్ పొంగిపోయాడు.

కనీషాయ్ కూడా వచ్చింది. కొండమీది వాతావరణ కేంద్రంలో పనిచేస్తూ మంచుచరియ కింద పడి చనిపోయిన జుమాలి భార్య ఆమె. చేతిలో నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెల మూట, మెడలో తాడుకు పెన్‌డ్రైవ్.

"ఏమయ్యా మరిదీ, మీ అన్న పెట్టె కూడా ఇందులో వేసివ్వు" అంది వరస కలిపి.

జుమాలి పేరున పెట్టె లేదు. కొండమీద అందరికీ కలిపి ఒకటే చిరునామా. రోజూ చలి, గాలి, మంచు లెక్కలు పంపి, అడుగున ఇంటికి నాలుగు ముక్కలు రాసేవాళ్లు. కింద ఆఫీసులో ఉన్నవాడు ఆ ముక్కలు ఇంటివాళ్లకు ఫోన్లో చదివి, వాళ్ల జవాబు పైకి పంపాలి. అది అక్కడి ఆనవాయితీ. ఏళ్ల తరబడి అలా చదివినవాడు సాగినే. అయినా సర్దేటప్పుడు, లెక్కలన్నీ అచ్చయ్యాయి కదా అని ఆ పెట్టెను తెరవకుండానే చెరిపేశాడు. సర్వరేమో పాతసామాన్లవాడి పాలైంది.

"వదినా, అదీ... ఆ యంత్రం పాడైపోయింది" అన్నాడు సాగిన్, తేలు కుట్టిన దొంగలా.

కనీషాయ్ కుర్చీలో కూలబడింది. "పోనీలే. అందులో ఏముందని? మేజోళ్లు పంపు, టీపొడి పంపు. పెళ్లాం కదా అని ఒక్క మంచి మాట రాశాడా ఆ మొద్దు? అయినా ఆయన రాసింది కదా, కళ్లతో చూసుకుందామని వచ్చా."

ఇక అబద్ధం ఆడటం సాగిన్ వల్ల కాలేదు.

"రాసేవాడు వదినా. నేనే చదివేవాణ్ణి కాదు. గదినిండా జనం, ఫోన్లో మీతో అలాంటి మాటలు ఎలా అనను? సిగ్గేసి మేజోళ్ల దగ్గరికి దూకేసేవాణ్ణి. ఎప్పటికైనా మీరే చదువుకుంటారులే అనుకున్నా. ఇప్పుడు నా చేత్తో నేనే చెరిపేశాను."

కనీషాయ్ తిట్టలేదు. "ఏం రాసేవాడు?" అంది.

పైపైన చూసి దాటేసిన మాటలు ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతాయి? ఒక్కటే దొరికింది. "'నేను దిగొచ్చాక పక్కన కూర్చుని టీ తాగుతూ కనీషాయ్ తిట్లు వింటాను, అంతకన్నా నాకేం అక్కర్లేదు' అని. ఆఖరి శీతాకాలంలో రాశాడు."

ఆమె పెన్‌డ్రైవును గుప్పిట్లో బిగించింది. "ఆ శీతాకాలమే కదయ్యా నేను అలిగింది! సామాన్లు తప్ప పెళ్లాం గుర్తురాదా అని, నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒక్క జవాబూ పంపలేదు. గుర్తుందా?"

"గుర్తుంది" అన్నాడు సాగిన్.

పోయే రోజు దాకా జుమాలి లెక్కల అడుగున 'కనీషాయ్ ఏమంది?' అని అడుగుతూనే ఉన్న సంగతి కూడా అతనికి గుర్తుంది. అది చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.