వాయిస్ మెసేజ్ పెట్టలేని రోజులు

ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే పొయ్యి మీద టీ పెట్టి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "ప్రభువునందు ప్రియులారా" అనబోయాను. గాలి తప్ప మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెడితే ఎవరో మగమనిషి మాట్లాడినట్టు వచ్చింది. గోడ అవతల నుంచి పక్కింటి ఖాదర్‌బీ కేకేసింది. "ఏంది సలోమీ, గొంతు అట్టుండాది? జలుబు చేసిందా?"

మాది ఉదయగిరి. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. నా భర్త దేవదానం కొయ్య గరిటెలు చెక్కుతాడు. మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక బైబిల్ వాక్యం, దాని గురించి నాలుగు మాటలు, చివర ప్రార్థన పెట్టడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. చదువు రానివాళ్ళు, చూపు ఆననివాళ్ళు వింటారని వాయిస్ మెసేజే పెట్టేదాన్ని. వాళ్ళలో ఆత్మకూరు దగ్గర పల్లెలో ఉండే సువార్తమ్మ అవ్వ ఒకరు. ఆమెకు రెండు కళ్ళూ కనిపించవు. కోడలు ఫోన్ చెవి దగ్గర పెడితే విని, "ఆమెన్ బిడ్డా, సల్లగుండు" అని తిరిగి పెట్టేది. మేమిద్దరం ఎప్పుడూ కలుసుకోలేదు. ఆమెకు నేనంటే నా గొంతే.

మిరియాల పాలు, అల్లం రసం, జలుబు బిళ్ళలు అన్నీ అయ్యాయి. నెల దాటినా బొంగురు పోలేదు. ఆత్మకూరు డాక్టరు నెల్లూరులో చెవి, ముక్కు, గొంతు చూసే ఇఎన్‌టీకి చూపించుకోమన్నారు. అక్కడ ముక్కులోంచి సన్నటి కెమెరా దించి చూశారు.

"వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉండాదమ్మా, స్వరతంత్రి మీద చిన్న కండ లాంటిది. మైక్రో సర్జరీ చేసి తీసేద్దాం, బయాప్సీకి కూడా పంపుదాం. మీరు టీచరా?" అంది డాక్టరమ్మ.

"కాదమ్మా, జాకెట్లు కుడతా."

"మరి గొంతు ఇంతగా ఎక్కడ అరగదీసినారు?"

దేవదానం అందుకున్నాడు. "వాట్సాప్‌లో మేడమ్. ఫోన్ చేతిలోనే ఉంటాది, ఈమె మాత్రం మా ఊరి కొండ మీద కోటకి వినపడేట్టు ప్రార్థన చేస్తాది."

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ ప్రార్థన చేయగలనా, పాడగలనా అని అడిగాను. "సర్జరీ నా చేతిలో ఉండాది. ఆ తర్వాత మాట్లాడకుండా ఉండటం మీ చేతిలో ఉండాది" అంది.

సర్జరీ బాగానే జరిగింది. క్యాన్సర్ కాదని బయాప్సీలో తేలిన రోజు శబ్దం లేకుండా ఏడ్చాను. కంప్లీట్ వాయిస్ రెస్ట్ అన్నారు, గుసగుస కూడా వద్దన్నారు. "పెళ్ళయినాక ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు, దేవునికి స్తోత్రం" అని దేవదానం నన్ను ఉడికించేవాడు. అంటూనే నా మెడకు శాలువా చుట్టేవాడు.

అంతలో మా సంఘంలో ఒక తమ్ముడు, పొద్దున వాక్యం లేకుండా గ్రూపు బోసిపోయిందని, నా పాత వాయిస్ మెసేజ్ ఒకటి వెతికి ఫార్వర్డ్ చేశాడు. అందరూ అది కొత్తదనుకున్నారు. "అక్కకి గొంతొచ్చింది! స్తోత్రం!" అని గ్రూపు నిండిపోయింది. ఫోన్లు మొదలయ్యాయి. దేవదానం పనిలో ఉన్నాడు. నేను ఒక్కటీ ఎత్తలేదు, అవ్వ కోడలి నంబరు తప్ప.

"సలోమీ, గొంతొచ్చిందంటనే! ఒక్క మాట పలుకు బిడ్డా" అంది అవ్వ.

మనసు ఆగలేదు. చిన్నగానే కదా అనుకుని గుసగుసగా ప్రార్థన మొత్తం చేశాను. సాయంత్రానికి గొంతులో మంట. చెకప్‌కి పోతే డాక్టరమ్మ మొహం మారిపోయింది. "వాచిపోయిందమ్మా. స్కార్ పడి మచ్చ కట్టిందంటే నేను కూడా ఏం చేయలేను. మళ్ళీ రెస్ట్ మొదటి నుంచి." మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆత్మకూరులో ఆగింది. ఆ గుసగుస విన్నాక నాకు గొంతొచ్చిందనే అవ్వ నమ్ముతోంది. రేపటి నుంచి నా మెసేజ్ రాకపోతే తనను మరిచిపోయాననుకుంటుంది. ఫోన్‌లో "అవ్వ దగ్గరికి పోదాం" అని టైప్ చేసి దేవదానానికి చూపించి, బస్సు దిగిపోయాను. ఆయన సంచీ తీసుకుని నా వెనకే దిగాడు.

ఆటోలో అవ్వ పల్లెకి చేరేసరికి, గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద చిన్న పిట్టంత మనిషి. "అవ్వా, సలోమి వచ్చింది" అన్నాడు దేవదానం.

"ఏదీ, పలకమను, గుర్తుపడతా."

నేను పలకలేను. ఆమె చూడలేదు. దేవదానం జరిగిందంతా చెప్పాడు. అవ్వ చేతులు చాచి నా మొహం తడిమింది, గొంతు మీద వేళ్ళు ఆనించింది. నా కన్నీళ్ళు ఆమె చేతికి తగిలాయి.

"ఏడవబాకే. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పినావు, నేను ఆమెన్ అన్నాను. ఈ పొద్దు నేను చెప్తా, నువ్వు తల ఊపు."

నా తల మీద అరచెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. వాక్యం వాక్యానికీ ఆగేది. నేను తల ఊపితే అది అరచేతికి తెలిసేది, అప్పుడు ముందుకు పోయేది. నా గొంతు ఇమ్మని అడగలేదు. నన్ను భయం నుంచి తప్పించమని అడిగింది. ఎంతమంది కోసం ప్రార్థన చేశానో గానీ, నా తల మీద చెయ్యి పెట్టి నా కోసం ఒకరు చేస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అవ్వ సరేనన్నాక దేవదానం దాన్ని రెండోసారి చెప్పించి, రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు.

ఇప్పుడు నా గొంతు చాలావరకు వచ్చింది. పై స్థాయి మాత్రం అందదు, పాటలో అక్కడికి రాగానే ఆగిపోతాను, పక్కవాళ్ళు అందుకుంటారు. గ్రూపులో రోజుకొకరు వాక్యం చెబుతున్నారు. ఆదివారం అవ్వది. నా వంతు వచ్చిన రోజు మెల్లగా, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెబుతాను.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. గొంతు బొంగురు రెండు మూడు వారాల్లో పోకపోతే కషాయాలతో కాలం గడపకుండా ఇఎన్‌టీకి చూపించుకోండి. వాళ్ళు మాట్లాడొద్దంటే గుసగుస కూడా మానేయండి. ఆ నాలుగు రోజులు మీ ప్రార్థన ఇంకొకరిని చేయనివ్వండి, మీరు తల ఊపండి.