అక్క చూడని కుక్కపిల్ల

నా చిన్నప్పుడు కొమరోలులో మా ఇంటి గడ్డివామి పక్కన ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. నెల తిరిగేసరికి వాటి పొట్టలు చిన్న చెంబుల్లా గుండ్రంగా తేలాయి. తల్లి పాలు బాగా పడుతున్నాయని మా అవ్వ మురిసిపోయింది. పొట్ట నిండుగా కనిపిస్తే ఒళ్లు చేసినట్టేనని మా ఇళ్లలో లెక్క, మనుషులకైనా కుక్కలకైనా.

పక్కింటి అక్కకు పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. ఒకరోజు మా ఇంటికొచ్చి, ఒక పిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని పొట్ట నిమిరింది. “ఎంత బొద్దుగా ఉండాదో చూడవ్వా” అంది. ఆ వారంలోనే అది చచ్చిపోయింది. తర్వాత ఇంకొకటి, ఆపైన మరొకటి. అవ్వ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిగిలిన ఒక్కదాని మెడకు నల్లదారం కట్టింది. అక్క మళ్లీ వస్తే గడప దగ్గరే ఆపింది. కోపంగా కూడా కాదు, మెల్లగానే అంది. “నీ కండ్లు మంచివి గావమ్మా. ఇంక మా ఇంటికి రాబాక.”

అక్క తల వంచుకుని వెళ్లిపోయింది. ఆమె తలుపు గడియ వేసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మిగిలిన పిల్ల కూడా చచ్చిపోతుందని నేను అన్నం మానేసి ఏడిస్తే, నాయన దాన్ని గంపలో పెట్టుకుని నన్నూ వెంటబెట్టుకుని బస్సులో గిద్దలూరు పశువుల ఆసుపత్రికి పోయాడు. డాక్టరు పిల్ల పెదవి పైకెత్తి చూపించాడు. చిగుళ్లు రక్తం లేక సున్నంలా తెల్లబోయి ఉన్నాయి. ఆ పొట్ట ఉబ్బింది ఏలికపాములతోనని, అవి తల్లి కడుపులో ఉండగానే, పాల ద్వారా కూడా పిల్లలకు చేరతాయని, మిగతావి చచ్చిందీ వాటితోనేనని చెప్పి మందు తాగించాడు.

మర్నాడు పెరట్లో పిల్ల కడుపులోంచి పురుగులు పడ్డాయి. ఉడికిన సేమ్యా కదులుతున్నట్టు ఉంది. అవ్వ వాటినే చూస్తూ అలాగే నిలబడిపోయింది. “అయ్యో, ఆ బిడ్డను ఎంత మాటంటిని” అంది.

నల్లదారం తెంపేసి, పిల్లను ఎత్తుకుని పక్కింటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. అంత పెద్ద మనిషి అక్క ముందు చేతులు జోడించింది. “నీ కండ్లు ఏం చేసినాయమ్మా, పాపం. దాని కడుపులో పురుగులుండినాయి. కండ్లారా ఒక్కసారి చూడు తల్లీ” అంటూ పిల్లను ఒళ్లో పెట్టింది. అక్క దాన్ని దగ్గరికి పొదువుకుంది, వీపు నిమిరింది. ముఖం మాత్రం గోడ వైపే ఉంచింది. అవ్వ ఎంత బతిమాలినా ఇటు తిప్పలేదు.

ఆ కుక్క బతికి అక్క దగ్గరే పెరిగింది. ఏళ్ల తర్వాత నా కొడుకును తీసుకెళ్లి అక్క చేతుల్లో పెట్టాను. వాడి తల తడుముతూ వాకిలి వైపు చూస్తూనే, “ఎవరి పోలికే? నువ్వే చెప్పు” అంది.

ఇప్పటికీ మా వీధిలో కుక్క పిల్లల్ని పెడితే తల్లికీ పిల్లలకూ పురుగుల మందు నేనే తాగిస్తాను. పక్కన ఏ ఆడకూతురు నిలబడి ఉన్నా దగ్గరికి పిలిచి, కళ్లారా చూడమ్మా అంటాను. అన్న ప్రతిసారీ గోడ వైపు తిరిగిన ఆ ముఖమే నాకు కనబడుతుంది.