బిందెకు బిందె తగలాలి

మా గల్లీ నల్లా దగ్గర బిందెను ఊరికే వరుసలో పెట్టరు. ముందున్న బిందెకు టంగుమని తగిలించి పెడతారు. తగిలించకపోతే వెనకున్నవాళ్లు ఊరుకోరు. "గట్ల దూరం పెడ్తివేంది, అంటుకుంటదా?" అని ఆటపట్టిస్తారు. ప్లాస్టిక్ బిందెలు మోగవు కాబట్టి, అవి తెచ్చినవాళ్లు నోటితో "టంగ్" అంటారు. ఎందుకని కొత్త కోడళ్లను అడిగితే మంచిదట అంటారు. పిల్లల్ని అడిగితే నీళ్లు జోరుగా వస్తాయంటారు.

అసలు సంగతి నాకు మా నానమ్మ చెప్పింది. ఆమె కోడలిగా మెదక్ వచ్చిన కొత్తలో, అంటరానివాళ్లమని మా బిందెలు వరుసకు దూరంగా మురుగు పారే మోరీ పక్కన ఉండాలి. అందరూ పట్టుకున్నాక ఎవరికైనా దయ కలిగితే ఎత్తి పోస్తారు, లేకపోతే లేదు. బడిలో లెక్కలు చెప్పే సారు ఒకాయన, మావాళ్లలో పుట్టి చదువుకున్నవాడు, ఒక పొద్దున నానమ్మ బిందెను మోరీ దగ్గర నుంచి తీసుకొచ్చి వరుస మధ్యలో పెట్టాడు. ముందున్న బిందెకు గట్టిగా తగిలించాడు. "తాకింది. ఏమన్న అయిందా?" అని అడిగాడట.

చాలానే అయింది. తిట్లు, రాళ్లు, ఠాణా, ఆయనకు ఎక్కడికో బదిలీ. అయినా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చి మా ఆడవాళ్లతో పాటు వరుసలో నిలబడేవాడు. అలా నిలబడీ నిలబడీ వరుసను ఒకటి చేశాడు. బిందె తగిలించినప్పుడల్లా నానమ్మ కిసుక్కున నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికే నేను చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని నల్లాకు పోయేదాన్ని.

అలాంటి సారుకు మా గల్లీ మొగదల విగ్రహం పెడతారని తెలిసినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. మిషను మీద ఉన్న జాకెట్టును అక్కడే వదిలేసి ఉరికాను. పోయి చూద్దును కదా, గద్దె కోసం సున్నంతో గీసిన చతురస్రం సరిగ్గా నల్లా చుట్టూ ఉంది. నల్లా పీకేస్తే గానీ సారు నిలబడడన్నమాట. నాకు ఒళ్లు మండింది.

"తమ్మీ, సారు కొట్లాడిందే గీ నల్లా కోసం. దీన్నే తీస్తే ఎట్ల?" అన్నాను కమిటీ పెద్దతో.

"ఇంటింటికి నల్లాలొచ్చినయి కదక్కా. రోడ్డు మీదికెల్లి మస్తు కనవడ్తది. జర సమజ్ చేసుకో," అన్నాడు. ఇళ్లలో నల్లాలున్నా వాటిలో సన్నని ధారే, అందుకే అందరం ఇప్పటికీ ఇక్కడికే వస్తాం. మనిషి మంచివాడే. సారు పేరు చెబితే చేతులు జోడిస్తాడు. కానీ సారు చేసిన పనేమిటని అడిగితే నీళ్లు నములుతాడు.

గుంత తవ్వే రోజు ఆదివారం వచ్చింది. చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. అబ్బో, ఏం సందడి! డీజే మోతకు కిటికీలు అదిరాయి. ఫ్లెక్సీలో సారుకు కోటు తొడిగారు. పాపం, జన్మలో కోటు ఎరగడు. ముఖమైతే ఎంత తెల్లగా అచ్చేశారంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నవ్వొచ్చింది, సంబరమూ వేసింది. మోరీ పక్కన నిలబెట్టిన మనుషుల్లో పుట్టిన సారుకు రోడ్డంత ఫ్లెక్సీ! రెండు మాటలు చెబుతానని నేను మైకు అడిగితే మాత్రం "టైం లేదక్కా" అన్నారు. ముఖ్య అతిథి మా సారును దేశభక్తుడన్నాడు, దానకర్ణుడన్నాడు, నల్లా మాట ఎత్తలేదు. పక్కన గడ్డపార సిద్ధంగా ఉంది.

అప్పుడు మా పక్కింటి ఖాలా లేచి నిలబడింది. నల్లా గొంతులో గాలి బుసకొట్టడం నాకంటే ముందు ఆమెకే వినిపించింది.

"బేటీ, నల్లా ఒచ్చింది," అంది.

అంతే. ముందు వరుస కుర్చీలు ఖాళీ. ఆడవాళ్లు చీరలెత్తి కట్టి ఇళ్లకు ఉరికారు, బిందెలతో తిరిగొచ్చారు. సున్నం గీత మీదుగా వరుస సాగింది. టంగ్. టంగ్. నోటితో ఒకరు, "టంగ్". మైకులో ఉపన్యాసం తడబడి ఆగింది.

"ఏంది గా సప్పుడు?" అన్నాడు అతిథి.

నేనింక ఎవరినీ అడగలేదు. మైకు లాక్కుని నానమ్మ బిందె సంగతి మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యేసరికి వరుసలో కొత్త కోడళ్లు తమ బిందెల వంక కొత్తగా చూస్తున్నారు.

కమిటీ పెద్ద నల్లా దగ్గరికి నడిచొచ్చాడు. చెప్పుకాలితో సున్నం గీతను చెరిపేసి, "జర అవతలికి తవ్వుండ్రి," అన్నాడు పనివాళ్లతో. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఉరికి ఇంట్లోంచి బిందె తెచ్చి నేనూ వరుసలో తగిలించాను.

అతనేమో చేతిలోని ఖాళీ నీళ్ల బాటిల్ తెచ్చి వరుస చివర పెట్టాడు. వెనకే బిందెతో వచ్చిన ఖాలా ఊరుకుంటుందా?

"గట్ల దూరం పెడ్తివేంది బేటా, అంటుకుంటదా?"

అతను వంగి, బాటిల్‌ను ముందున్న నా బిందెకు ఆనించాడు. అది మోగలేదు. చుట్టూ చూసి, సిగ్గుపడుతూ నోటితో మెల్లగా "టంగ్" అన్నాడు.

నేను కిసుక్కున నవ్వాను. అచ్చం నానమ్మ నవ్వే.