చిలక ఉస్తాద్

లాహోర్ టీవీలో పిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పే గుడ్డ చిలకను ఆడించేది, దానికి గొంతిచ్చేది ఇద్రీస్ మియా. రోజంతా బల్ల కింద నక్కి చెయ్యి పైకెత్తి ఉంచడం అలవాటైపోయి, ఇంట్లో టీ తాగుతున్నా అతని వేళ్లు చిలక ముక్కులా తెరుచుకుని మూసుకుంటుంటాయి. భార్య నసీబన్‌కు చదువు రాదు. అతను పలక పట్టుకుని గదమాయిస్తే వంటింట్లోకి జారుకునేది. తెరమీద చిలక కనపడితే మాత్రం నెత్తిన దుపట్టా సర్దుకుని, అది అడిగిన ప్రతి అక్షరం బుద్ధిగా పలికేది. ఉడుక్కున్న మియా ఓ సాయంత్రం చిలకను ఇంటికే తెచ్చి చేతికి తొడుక్కున్నాడు.

"ఇప్పుడైనా నా దగ్గర నేర్చుకుంటావా?"

నసీబన్ గబగబా దుపట్టా లాక్కుని చిలకకు సలాం చేసింది. "ఉస్తాద్ గారూ, మీరు చెప్పండి." మొగుడి వైపు తిరిగి, "మీరా బల్ల కిందికి పొండి. మీ మొహం చూస్తే వచ్చిన అక్షరాలు కూడా పోతాయి" అంది.

మియా గొణుక్కుంటూనే బల్ల కిందికి దూరాడు. చిలక ముద్దుముద్దుగా పాఠం మొదలెట్టింది.