మంచు పట్టిన రెగ్యులేటరు

గాజు ఫ్యాక్టరీ గ్యాసు గదిలో పనిచేసే ఆయన్ని అందరూ డాక్టరు బాబాయ్ అంటారు. కొలిమికి వెళ్లే గ్యాసు ఒత్తిడిని అక్కడి రెగ్యులేటరు తగ్గిస్తుంది; ఒత్తిడి తగ్గగానే గ్యాసు చల్లబడుతుంది. మంచు కట్టకుండా ముందే వేడిచేయడానికి ఒక హీటరు ఉంది. బాబాయ్ మీటర్లను నమ్మడు, మనుషుల్నైతే అసలే నమ్మడు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో గొట్టాన్ని తాకి గొణుక్కుంటూ తిరుగుతాడు.

మొన్న హీటరు మొరాయించింది. రెగ్యులేటరంతా తెల్లగా మంచు పట్టింది. "మంట సగానికి తగ్గించు, గ్యాసు తక్కువ లాగితే మంచూ తగ్గుతుంది," అన్నాడు బాబాయ్ కొలిమి మేస్త్రీతో. "సరుకు పాడైపోతుంది బాబాయ్!" అని మేస్త్రీ మొత్తుకున్నాడు. "మంచుకి గ్యాసు ఆగి మంట మొత్తం ఆరిపోతే కొలిమిలో గాజు గడ్డకడుతుంది. అప్పుడు దాన్ని పగలగొట్టడానికి సుత్తి పట్టుకుని నువ్వే దిగు." మేస్త్రీ తగ్గించాడు. బాబాయ్ వేడినీళ్లలో ముంచిన గుడ్డల్ని రెగ్యులేటరుకు మార్చి మార్చి చుట్టాడు. హీటరు బాగయ్యేదాకా కొలిమి ఆరలేదు. మేస్త్రీ టీ తెచ్చాడు గానీ, మంచుకీ వేడినీళ్లకీ బిగుసుకుపోయిన బాబాయ్ వేళ్లు గ్లాసు పట్టుకోడానికి వంగలేదు. మేస్త్రీయే గ్లాసు నోటికందించాడు. బాబాయ్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "చక్కెర వేయడానికి కూడా నీకు చేతులు రాలేదట్రా?"